అలాంటి మనిషి అప్పుడు లేదంటారా?

బానీ గార్మస్ రాసిన 'లెసన్స్ ఇన్ కెమిస్ట్రీ' 2022లో వచ్చింది. వ్యాపార ప్రకటనలకు మాటలు రాసిన రచయిత్రికి అది అచ్చయిన మొదటి నవల. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. మరుసటి ఏడాదే ఆపిల్ టీవీలో బ్రీ లార్సన్ ముఖ్యపాత్రగా సీరియల్ అయింది. ఇంత పేరొచ్చిన నవల మీద పాఠకులు రెండుగా చీలిపోయారు. పట్టుకుంటే వదల్లేకపోయామని కొందరు, సగంలో పక్కన పడేశామని ఇంకొందరు. విచిత్రమేమిటంటే ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు. 1950ల అమెరికాలో ఎలిజబెత్ జాట్ లాంటి ఆడమనిషి ఉండే అవకాశమే లేదు అన్నదే ఆ మాట. నచ్చనివాళ్లు దాన్ని నేరంగా మోపుతారు. నచ్చినవాళ్లు 'నిజమే, అయినా చదువుతుంటే హాయిగా ఉంది' అని సర్దుకుంటారు. నా అభ్యంతరం ఈ రెండు పక్షాలూ ఒప్పేసుకున్న ఆ తీర్పు మీద. జాట్ పడ్డ అవమానాలకూ, వాటికి ఆమె తిరగబడిన తీరుకూ చరిత్రలో కావలసినంత ఆధారం ఉంది. నవలలో నమ్మశక్యం కానిది ఒకటి ఉన్నమాట నిజమే. కానీ అది ఆమె స్వభావం కాదు, చివర్లో ఆమెకు కలిసొచ్చిన అదృష్టం.

అసంభవం అంటున్నది దేన్నో ముందు చూడాలి. జాట్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదువుతుంది. గైడు ఆమె మీద అత్యాచారం చేస్తే, చేతికందిన పెన్సిలుతో పొడుస్తుంది. వచ్చిన పోలీసులు జరిగినదానికి విచారం తెలియజేస్తావా అని ఆమెనే అడుగుతారు. పీహెచ్‌డీ సీటు పోతుంది. తర్వాత హేస్టింగ్స్ అనే పరిశోధన సంస్థలో చేరితే, ఆమెను చూసినవాళ్లకు సెక్రటరీలాగే కనిపిస్తుంది. పేరుమోసిన శాస్త్రవేత్త కాల్విన్ ఎవాన్స్‌ని ప్రేమిస్తుంది కానీ పెళ్లి వద్దంటుంది. చేసుకుంటే తన పని కూడా అతని ఖాతాలో పడుతుందని ఆమె భయం. అతను ప్రమాదంలో పోతాడు. పెళ్లికాని గర్భిణి అని సంస్థ ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తుంది. వంటింటిని పగలగొట్టి ల్యాబుగా మార్చుకుంటుంది. ఆమెను వెళ్లగొట్టిన సంస్థలోని మగ శాస్త్రవేత్తలే తమ లెక్కలు తేలక ఆ వంటింటికి వచ్చి, డబ్బులిచ్చి చెప్పించుకుని వెళతారు. పై అధికారి డొనాటీ ఆమె పరిశోధనను తన పేరుతో అచ్చేసుకుంటాడు. చివరికి బతుకుతెరువు కోసం టీవీలో వంటల కార్యక్రమం ఒప్పుకుని, అక్కడ గృహిణులకు రసాయన శాస్త్రం చెబుతుంది. ఇదంతా ఈనాటి స్త్రీకి ఆనాటి గౌను తొడిగి నిలబెట్టడమే అన్నది విమర్శ.

మొదటి సాక్ష్యం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు, బెంగళూరు చాలు. 1933లో కమలా భాగవత్ బొంబాయి విశ్వవిద్యాలయంలో బీఎస్సీ మొదటి స్థానంలో పాసై ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి దరఖాస్తు పెట్టుకుంది. తండ్రి, ఆయన సోదరుడు అక్కడ చదువుకున్న రసాయన శాస్త్రజ్ఞులే. డైరెక్టరు సి.వి. రామన్. ఆయనకు నోబెల్ వచ్చి అప్పటికి మూడేళ్లు. ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో ఆయన దరఖాస్తు తిప్పికొట్టాడు. కమల ఇంట్లో కూర్చుని ఏడవలేదు. బెంగళూరు వెళ్లి కారణం ఏమిటని ఆయన్నే నిలదీసింది, చేర్చుకోకపోతే సత్యాగ్రహం చేస్తానంది. రామన్ ఒప్పుకున్నాడు, కానీ షరతులతో. మొదటి ఏడాది ఆమెను రెగ్యులర్ విద్యార్థినిగా లెక్కించరు. గైడు చెబితే రాత్రి పొద్దుపోయేదాకా పనిచేయాలి. ల్యాబులో మగవాళ్ల ధ్యాస చెడగొట్టకూడదు. అన్నింటికీ తలవంచి, శ్రీనివాసయ్య దగ్గర పాలలో, పప్పుధాన్యాల్లో ఉండే ప్రొటీన్ల మీద పనిచేసింది. ఏడాది తిరిగేసరికి ఆమె పని చూసి రామన్ మనసు మార్చుకున్నాడు, ఆడపిల్లలకు ఆ సంస్థ తలుపు తెరుచుకుంది. కమల కేంబ్రిడ్జి వెళ్లి, మొక్కల కణజాలంలో సైటోక్రోమ్ సి ఉనికి మీద నలభై పేజీల చిన్న సిద్ధాంత వ్యాసం రాసి 1939లో డాక్టరేట్ తెచ్చుకుంది. కమలా సొహోనీగా మనకు తెలిసిన ఆమె, ఎనభయ్యేళ్లు దాటాక కూడా, ఆనాటి అవమానాన్ని మరిచిపోలేదని ఒక సభలోనే చెప్పింది. ఒక నవలా రచయిత ఈ ఘట్టాన్ని కల్పించి రాశాడనుకుందాం. పరాయి పాలనలో ఉన్న దేశం, జాట్ కథ కంటే ఇరవై ఏళ్లు ముందు, నోబెల్ గ్రహీత ఎదుట ఇరవై రెండేళ్ల పిల్ల నిలబడి సత్యాగ్రహం చేస్తాననడం. 'ఆ కాలంలో ఇది జరిగే పనేనా' అని ఇప్పుడు జాట్‌ని కొట్టిపారేస్తున్న నోళ్లే అనేవి.

అమెరికాలో జాట్‌కి అతి దగ్గరగా కనిపించే మనిషి గెర్‌ట్రూడ్ ఎలియన్. ఈమె కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1937లో న్యూయార్క్‌లోని హంటర్ కాలేజీ నుంచి రసాయన శాస్త్రంలో అత్యున్నత శ్రేణిలో పట్టా తీసుకుంది. పైచదువుకు ఆర్థిక సాయం ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు. ఉద్యోగానికి వెళితే, అర్హత ఉందిగానీ నువ్వు ల్యాబులో ఉంటే మగవాళ్ల దృష్టి చెదురుతుందని ముఖం మీదే చెప్పారు. బెంగళూరులో రామన్ షరతు, న్యూయార్క్‌లో ఈ జవాబు, రెండూ ఒకే నాలుగైదేళ్ల లోపు వచ్చిన ఒకే మాట. ఆమె సెక్రటరీ కోర్సులో చేరింది, ఒక ల్యాబులో జీతం లేకుండా పనిచేసింది, బళ్లో పాఠాలు చెబుతూ రాత్రులూ సెలవురోజులూ ప్రయోగాలు చేసి 1941లో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. పెళ్లి కుదిరిన మనిషి ఆ ఏడాదే గుండెకు సోకిన జబ్బుతో చనిపోయాడు. ఆమె ఇక పెళ్లి చేసుకోలేదు. యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోయి ల్యాబులు ఖాళీ అయ్యాక దొరికిన ఉద్యోగం కిరాణా సరుకుల కంపెనీలో. ఊరబెట్టిన దోసకాయల్లో పులుపు ఎంత, మయొనైజ్‌లోకి వెళ్లే గుడ్డుసొన రంగు సరిగ్గా ఉందా అని పరీక్షించడం ఆమె పని. 1944లో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో జార్జ్ హిచింగ్స్ దగ్గర చేరాక, ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు బ్రూక్లిన్‌లో డాక్టరేట్‌కి చదివింది. పూర్తికాలం విద్యార్థినిగా రాకపోతే కుదరదని డీన్ అంటే, ఆ డాక్టరేట్‌నే వదులుకుంది. పీహెచ్‌డీ లేని ఆ చేతుల మీదుగానే పిల్లల్లో రక్త క్యాన్సర్‌కి వాడే 6-మెర్‌కాప్టోప్యూరిన్ వచ్చింది. 1988లో నోబెల్ వచ్చింది. పీహెచ్‌డీ చేజారిన రసాయన శాస్త్రవేత్త, తాళి కట్టకముందే పోయిన మనిషి, తిండి సరుకుల మధ్య గడిచిన ల్యాబు జీవితం. గార్మస్ కల్పించిందని మనం నవ్వి వదిలేస్తున్నవి ఈ జీవితంలో ఉన్నవే.

మిగతా సాక్ష్యాలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఒకదానికొకటి నకలులా ఉంటాయి. మరియా గెపర్ట్ మేయర్ 1930లో జర్మనీ నుంచి భర్తతో అమెరికా వచ్చింది. ఒకే సంస్థలో భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగం ఇవ్వకూడదన్న నియమం అడ్డుపెట్టి జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆమెకు సరైన కొలువే ఇవ్వలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు హోదా ఇచ్చి జీతం ఇవ్వలేదు. అణుకేంద్రకం పొరల నమూనాను 1949లో ప్రతిపాదించింది ఆ స్థితిలోనే. విశ్వవిద్యాలయం నుంచి పూర్తి జీతం అందుకున్నది 1960లో, శాన్ డియాగో వెళ్లాకే. 1963లో నోబెల్ వస్తే, ఊరి పత్రిక శీర్షికలో ఆమె 'శాన్ డియాగో తల్లి' అయింది తప్ప భౌతిక శాస్త్రవేత్త కాలేదు. గెర్టీ కోరీ భర్త కార్ల్‌తో సమానంగా పనిచేస్తూ అతని జీతంలో చిన్న భాగంతో ఏళ్ల తరబడి సహాయకురాలి హోదాలో ఉండిపోయింది. భార్యతో కలిసి పరిశోధన చేయడం అమెరికన్ పద్ధతి కాదని ఒక విశ్వవిద్యాలయం వాళ్లకు చెప్పింది. ఆమె ప్రొఫెసరు అయింది 1947లో, నోబెల్ వచ్చిన ఏడాదే. పెళ్లి చేసుకుంటే తన పని భర్త పేరులో కలిసిపోతుందని జాట్ అంటే, అది ఈనాటి ఆడవాళ్ల సిద్ధాంతం అని పెదవి విరిచేవాళ్లు ఈ రెండు జీవితాలూ చూడాలి. ఆమె భయపడింది తన కళ్ల ముందు అమల్లో ఉన్న నియమాన్ని చూసి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అవమానాలు నిజమే కావచ్చు, కానీ ఎలియన్, మేయర్, కోరీ మౌనంగా ఓర్చుకుని పనిచేసుకున్నారు, జాట్‌లా ఎదురు మాట్లాడలేదు కదా, కాలదోషం ఉన్నది సంఘటనల్లో కాదు, ఆమె నోట్లో అంటారు. ఇక్కడ మనం చూస్తున్న సాక్ష్యం ఎవరిదో గమనించాలి. మనకు పేర్లు తెలిసిన స్త్రీలంతా చివరికి నెగ్గినవాళ్లు. వాళ్ల జీవిత చరిత్రలు బహుమతి వచ్చాక రాసినవి. ఎదురు తిరిగి సీటు పోగొట్టుకున్న అమ్మాయి ఏ పత్రికలో పరిశోధన అచ్చేస్తుంది? ఏ విశ్వవిద్యాలయం ఆమె కాగితాలు భద్రపరుస్తుంది? ఆమె గురించి రాయడానికి ఎవరికి ఏం మిగులుతుంది? ఓర్పు ఉన్నవాళ్ల పేర్లే మిగిలాయి కాబట్టి ఆ కాలంలో ఓర్పు తప్ప ఇంకేమీ లేదనడం తర్కం కాదు. పైగా నవల ఈ విషయంలో ఎక్కడా దాపరికం చేయలేదు. జాట్ ఎదురు తిరిగిన ప్రతిసారీ మూల్యం చెల్లిస్తుంది. పెన్సిలు పట్టుకున్నందుకు డాక్టరేట్ పోయింది, పెళ్లి వద్దన్నందుకు ఉద్యోగం పోయింది. ఎదురు చెప్పి సుఖపడిందని రాసి ఉంటే ఆ కాలానికి ద్రోహం చేసినట్టయ్యేది. ఫిర్యాదు చేయడానికి చోటే లేని రోజులవి. ఉద్యోగాల్లో స్త్రీల పట్ల వివక్షను నిషేధించిన చట్టం 1964లో వచ్చింది. గర్భిణి అని తీసేయడం చట్టవిరుద్ధమైంది 1978లో. పని చోట లైంగిక వేధింపును వివక్షగా అమెరికా సుప్రీంకోర్టు గుర్తించింది 1986లో. చట్టం ఏ సాయమూ చేయని మనిషికి చేతిలో మిగిలింది ఆ పెన్సిలే.

జాట్ మీద ఇంకో ఫిర్యాదు ఎక్కువగా వినిపిస్తుంది. ఆమెలో ఆర్ద్రత లేదు, నవ్వదు, మనిషిలా కాక యంత్రంలా మాట్లాడుతుంది అని. ఇది చదివినప్పుడు నాకు రోజలిండ్ ఫ్రాంక్లిన్ గుర్తొస్తుంది. డీఎన్‌ఏ నిర్మాణాన్ని పట్టిచ్చిన ఎక్స్‌రే చిత్రం ఆమె ల్యాబులో తీసినది. 1953 జనవరిలో ఆమెకు తెలియకుండానే దాన్ని జేమ్స్ వాట్సన్‌కి చూపించారు. 1958లో ముప్ఫయ్యేడేళ్లకే ఆమె పోయింది. పదేళ్ల తర్వాత వాట్సన్ రాసిన పుస్తకంలో ఆమె చిటపటలాడే, అలంకరణ పట్టని, కలుపుగోలుతనం లేని మనిషి. ఆమె లెక్కల్లో తప్పు పట్టలేనివాడు ఆమె లిప్‌స్టిక్ గురించి రాశాడు. నవ్వుతూ మాట్లాడే స్త్రీని సెక్రటరీ అనుకుంటారు, నవ్వకపోతే రాయి అంటారు. కాల్విన్ ఎవాన్స్ కూడా ముభావంగా ఉండేవాడే, పగ పెంచుకునేవాడే, నలుగురిలో ఎలా ఉండాలో తెలియనివాడే. అతని తీరును పాఠకులు మేధావి లక్షణం కింద సరిపెట్టుకున్నారు. అదే లక్షణం జాట్‌లో కనిపిస్తే పాత్రచిత్రణ లోపమైపోయింది. ఈ తేడా రచయిత్రి చేసింది కాదు, చదివేవాళ్లు తెచ్చిపెట్టుకున్నది.

ఇక టీవీ సంగతి. వంటల కార్యక్రమంలో ఉప్పునూ వెనిగర్‌నూ రసాయన నామాలతో పిలుస్తుంటే ఆ రోజుల్లో ఏ ఛానల్ భరించేది అంటారు. 1951 నుంచే ఎన్‌బీసీలో డాన్ హెర్బర్ట్ 'వాచ్ మిస్టర్ విజార్డ్' అనే కార్యక్రమంలో ఇంట్లో దొరికే సామాన్లతో పిల్లలకు ప్రయోగాలు చేసి చూపించాడు. అదే ఎన్‌బీసీ 1958లో తెల్లవారుజామున పెద్దల కోసం 'కాంటినెంటల్ క్లాస్‌రూమ్' మొదలుపెట్టింది. మొదటి ఏడాది భౌతిక శాస్త్రం, రెండో ఏడాది రసాయన శాస్త్రం. ఫ్లోరిడా ప్రొఫెసరు ఒకాయన దేశమంతటికీ టీవీలో కెమిస్ట్రీ పాఠం చెప్పాడు. జూలియా చైల్డ్ వంట కార్యక్రమం 1963లో బోస్టన్‌లో మొదలైంది. ఆమె కూడా ఆడవాళ్లకు సులువు వంటలు చాలన్న ధోరణిని ఒప్పుకోకుండా కష్టమైన ఫ్రెంచి వంటలే చేయించింది. అంటే జాట్ కార్యక్రమానికి కావలసిన దినుసులన్నీ ఆనాటి టీవీలో వేర్వేరుగా ఉన్నాయి. గార్మస్ వాటిని ఒకే స్టూడియోలోకి తెచ్చింది. ఆ పని నవలా రచయిత చేయకూడనిది కాదు, చేయాల్సినదే.

సిక్స్ థర్టీ అనే కుక్క వందల మాటలు నేర్చుకుని తన ఆలోచనలు మనకు వినిపించడం, బడి వయసు రాకముందే జాట్ కూతురు మ్యాడలిన్ పెద్దల పుస్తకాలు చదివెయ్యడం, వీటిని కూడా అవాస్తవం లెక్కలో వేస్తారు. ఇవి హాస్య నవల వేసుకున్న రంగులు. వాటిని దాచడానికి రచయిత్రి ఏ ప్రయత్నమూ చేయలేదు. మన తెలుగు పాఠకులకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 'కన్యాశుల్కం'లో మధురవాణి లాయర్లనూ గిరీశాన్నీ తన మాటతో నిలబెట్టి ఆడించింది. 1890ల విజయనగరంలో ఒక వేశ్యకు అంత వాక్చాతుర్యం, అంత న్యాయబుద్ధి ఉంటాయా అని మనం నాటకాన్ని పక్కన పెట్టలేదు. తన చుట్టూ ఉన్న బూటకాన్ని బయటపెట్టడానికి గురజాడ ఆమెకు అందరికంటే పదునైన నోరిచ్చాడని అర్థం చేసుకున్నాం. హాస్యంలో అలాంటి మనిషి కావాలి. అత్యాచారాన్నీ ఆలోచనలు వినిపించే కుక్కనూ ఒకే పుస్తకంలో పెట్టడం కొందరికి ఇబ్బందిగా అనిపించింది, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ దారుణాన్ని గార్మస్ సరదాగా రాయలేదు. అది పొడిగా, కొద్ది వాక్యాల్లో ముగుస్తుంది. మగవాళ్లంతా దుర్మార్గులే అన్న ఆరోపణ అయితే పుస్తకం సరిగ్గా చదవనిదే పుట్టదు. టీవీ నిర్మాత వాల్టర్ పైన్, డాక్టర్ మేసన్, రెవరెండ్ వేక్లీ ఎవరూ చెడ్డవాళ్లు కాదు. హేస్టింగ్స్‌లో జాట్‌ని అందరికంటే ఎక్కువ సతాయించేది మిస్ ఫ్రాస్క్ అనే ఆడమనిషే. ఆమె చదువు కూడా జాట్ చదువులాగే చెడిందని తర్వాత తెలుస్తుంది. తాను మింగిన అవమానాన్ని ఇంకో స్త్రీ చేత మింగించడం ఆ వ్యవస్థ ఎలా నడిచిందో చెప్పే చక్కని చిత్రణ. పాఠకుల వాదోపవాదాల్లో ఈ పాత్రకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

ఇంతా చెప్పి నవలకు లోపమే లేదని అనను. లోపం వేరే చోట ఉంది. సీరియల్ తీసినవాళ్లు పొరుగింటి హారియట్ స్లోన్‌ని నల్లజాతి స్త్రీగా మార్చారు. ఎందుకు మార్చాల్సి వచ్చిందో నవల చదివితే తెలుస్తుంది. పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా ఉన్న ఏళ్లలో నడిచే కథలో ఆ ఊసు దాదాపు లేదు. అమెరికాలో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతి స్త్రీ మేరీ మేనార్డ్ డేలీ 1947లోనే కొలంబియా నుంచి ఆ పట్టా తీసుకుంది. జాట్ సమకాలికురాలు. ఆమె దాటిన అడ్డంకుల ముందు జాట్ అడ్డంకులు సగమే. రెండోది ముగింపు. కాల్విన్ కన్నతల్లి ఎవరో బయటపడుతుంది, ఆమె చేతిలో పెద్ద ఫౌండేషన్ ఉంది, ఆ డబ్బుతో హేస్టింగ్స్‌ని కొనేస్తుంది, డొనాటీ వెళ్లిపోతాడు, జాట్ రసాయన విభాగానికి అధిపతి అవుతుంది. అన్యాయం చేసిన నియమాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక ధనవంతురాలి దయ వల్ల ఒక్క జాట్ మాత్రం గట్టెక్కింది. నిజంగా ఆ కాలంలో అరుదైనది ఆడమనిషి ధైర్యం కాదు, ఆ ధైర్యానికి నెల తిరిగేసరికి జీతం ఇచ్చే సంస్థ. మేయర్‌కి ఆ జీతం దొరకడానికి 1930 నుంచి 1960 దాకా పట్టింది. ఎలియన్ వదులుకున్న డాక్టరేట్‌ని బ్రూక్లిన్ వాళ్లు గౌరవ పట్టాగా ఇచ్చింది 1989లో, నోబెల్ వచ్చిన మరుసటి ఏడాది, ఆమె డెబ్బై దాటాక. జాట్‌కి పదేళ్లలో అన్నీ సమకూరాయి. ఈ పుస్తకం నిజానికి దూరంగా ఉందని వాదించదలచినవాళ్లు ఆమె నోటి దురుసును వదిలేసి ఈ ముగింపును పట్టుకోవాలి, అక్కడ నేనూ వాళ్ల పక్కనే నిలబడతాను.